ఉప్పునీరు పోసిన మిషను

ఎల్లాజీ కొన్న మిషను మీద అతని మేనమామ అసిరయ్య బిందెడు సముద్రపు నీళ్ళు గుమ్మరించిన రోజున మా పేటంతా చప్పట్లు కొట్టింది. ఎల్లాజీ నాకు వరసకు బావ; ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత.

కొత్త పడవను దించేటప్పుడు గంగమ్మ పేరు చెప్పి దాని ముక్కు మీద ఉప్పునీరు పోయడం మావాళ్ళ ఆనవాయితీ. ఆ నీరు దానంతటది ఆరాలి. గుడ్డ తగలకూడదు. పడవకు అది బాగానే ఉంటుంది, దాని బతుకంతా నీళ్ళలోనే కాబట్టి. కానీ ఎచ్చెర్ల రోడ్డులో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఎల్లాజీ దించింది పడవను కాదు, చిన్న సి.ఎన్.సి. మిల్లింగ్ మిషను. కంప్యూటరులో ఇచ్చిన కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనుమును చెక్కే యంత్రం. పుణెలో ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ మిషన్ల ముందు నిలబడ్డాడు. తనకంటూ ఒకటి ఉండాలని, తండ్రి వదిలిపోయిన పడవ వాటా అమ్మి, ఎవరో వాడిన దాన్ని కొన్నాడు. లారీలోంచి దించాక దాని కాళ్ళ కింద రేకుముక్కలు పెడుతూ, తీస్తూ, రసమట్టం చూసుకుంటూ వారం గడిపాడు. అన్నం కూడా దాని పక్కనే.

ఆ వాటాను తనకు కాకుండా పక్క పేటవాడికి అమ్మాడని అసిరయ్యకు మంట. మంటను భక్తిలో చుట్టి బిందెతో తెచ్చాడు.

"నీరొద్దు మావా. తుప్పట్టేస్తాది. బొట్టెట్టి వదిలీ," అన్నాడు ఎల్లాజీ.

"ఒరే అల్లుడూ, తల్లి నీరు పడితే సెడిపోయేది ఏటి మిషనురా? మీ బాబు పడవ సెడిపోనాదా?"

జనం నవ్వారు. బిందె వంగింది. నీరు బల్ల మీంచి జారి, రబ్బరు తొడుగు సందుల్లోంచి లోపలికి దిగింది. ఎల్లాజీ గుడ్డ అందుకున్నాడు. తల్లి జగ్గమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"తుడవకురా నాయనా. పెద్దోడి మాట."

అసిరయ్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చున్నాడు. "ఆరేదాకా నానిక్కడే కూకుంతాను," అని బిర్యానీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు. ఎముకలు నములుతూ కాపలా కాశాడు. ఎల్లాజీ గుడ్డ భుజాన వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంత పని తెలిసినవాడు అలా నిలబడినందుకు ఆరోజు నాకు అతని మీదా అసహ్యమే వేసింది.

మర్నాడు తొడుగులు విప్పాడు. బల్లను అటూ ఇటూ నడిపే పొడవాటి స్క్రూ కుడివైపంతా ఎర్రబారింది. కిరసనాయిలుతో కడిగాడు, రుద్దాడు, నూనె పెట్టాడు. ఎడమవైపు బల్ల చప్పుడు లేకుండా నడిచేది. కుడివైపుకు రాగానే పళ్ళు నూరేది. ఆ స్క్రూ మార్చాలంటే ఇంకో పడవ వాటా అమ్మాలి. అమ్మడానికి ఇంకోటి లేదు.

అంతలో ఒక మందుల కంపెనీ, పంపుల రిపేరుకు పొడవాటి పలకలు కావాలని కబురు పెట్టింది. నమూనా నచ్చితే ఏడాది పొడవునా పని. అలాంటి పని కోసమే అతను పుణె వదిలి వచ్చాడు. నమూనా చేసి పట్టుకెళ్ళాడు. ఎడమవైపు రంధ్రాల్లోకి బోల్టులు దిగాయి. కుడివైపు దిగలేదు. కంపెనీ మనిషి పలకను అతని చేతిలో పెట్టి ఫోను చూసుకున్నాడు.

టీ కొట్టు దగ్గర అసిరయ్య తీర్పు చెప్పేశాడు. "గంగమ్మ నీరు తుడిసీబోనాడు. తల్లి ఊరుకుంతాదేటి?"

పేట నమ్మింది. చదువుకున్నవాళ్ళూ తలలూపారు. కన్నతల్లి కూడా నమ్మి, గంగమ్మకు కోడిని మొక్కింది. ఆ కోడిని వండింది అసిరయ్య ఇంట్లోనే.

ఎల్లాజీ ఇప్పుడు బోటు ఇంజన్లకు చిన్న చిన్న సామాన్లు చేస్తున్నాడు. అరచేతిలో పట్టేంత పని. ఏది చేసినా బల్లకు ఎడమ కొసన బిగిస్తాడు. కుడివైపు దుమ్ము పట్టి ఉంటుంది.

మొన్న నేను వెళ్ళేసరికి అసిరయ్య అక్కడే ఉన్నాడు, చంకలో మూరెడు పైన ఇత్తడి పలకతో. గంగమ్మ గుడికి గేటు చేయించాడట. దాత పేరు తళతళలాడాలట.

"అంత పొడుగు పట్టదు మావా. విశాపట్నం ఎల్లు."

"ఇంత మిషనెట్టుకుని నా పేరు సెక్కలేవేటిరా? తూ! పడవమ్మి ఇనప్పెట్టె కొన్నాడు," అని అందరికీ వినబడేలా తిట్టుకుంటూ అసిరయ్య వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "నిజంగా పట్టదా బావా?" అన్నాను.

"ఎందుకు పట్టదు? పేరుకి పంపు పలకలాగ ఎంట్రుకవాసి లెక్కేటీ లేదు. సగం సెక్కి, తిప్పి బిగిస్తే అయిపోద్ది." ఎల్లాజీ గుడ్డతో బల్లను ఎడమ కొస నుంచి మధ్యదాకా తుడిచి, అక్కడ చెయ్యి ఆపాడు. "ఈ సగం నాదిరా. ఆ సగం మా మావది. ఆయన పేరు ఆయన సగంలోనే సెక్కుకోమను."