గంజాయి మీద నేను కట్టిన దండకం

ఆ రోజుల్లో రాష్ట్రం కొత్తది, రాజధాని కొత్తది. ఆ రాజధాని అప్పటి మా జిల్లాకేంద్రం కర్నూలే కావడంతో, మార్కాపురంలో మీసం మొలుస్తున్న ప్రతివాడికీ దేశాన్ని బాగుచేసే భారం తన నెత్తినే పడిందేమోనని అనుమానం. నాకైతే అనుమానం కాదు, నిశ్చయమే. కల్లు, సారాయిల సంగతి నిషేధం పెట్టి సర్కారే చూసుకుంటోంది గనుక నా వంతుకు గంజాయి మిగిలింది. అది మా చిన్నమామ రూపంలో ఇంట్లోనే ఉంది.

మామ పగలు బడిపిల్లల రాతిపలకలు కోసేవాడు, శనివారం భజనలో మద్దెల వాయించేవాడు. మద్దెలకు ముందొక చిలుం, తర్వాతొక చిలుం (మధ్యలో దేవుడు). ఆయన దమ్ము బిగించి వదిలితే, ఆ పొగ చూసి రైలొచ్చిందనుకొని జట్కావాళ్లు గుర్రాలు కట్టేవారట. (నేను చూడలేదు. గుర్రాలను అడిగాను, కాదనలేదు.) అత్తకు మాత్రం ఇది నవ్వే సంగతి కాదు. ఈ శనివారం గూడ తాగివస్తే ఆదివారం బండికి గిద్దలూరు పుట్టింటికి పోతానని, మళ్లీ రానని చెప్పేసింది. పద్యంతో మానిపిస్తానని నేను మాటిచ్చాను.

"ఆయన పొద్దస్తమానం పాడేది పద్యాలే గదా అబ్బయ్యా," అంది అత్త. "వాటికే మానేటోడైతే ఇంత దూరం ఎందుకొస్తాది?"

కందం మొదలుపెడితే ప్రాస కుదరలేదు, సీసానికి యతి లొంగలేదు. దండకానికి ఆ బెడద లేదు గనుక పెరట్లోని పగిలిన పలకలన్నీ దండకంతో నింపేశాను. శనివారం భజనలో దీపం పక్కన నిలబడి గొంతెత్తాను:

"ఓ ధూమకేతూ, మహాపాపినీ, గేహసంహారిణీ, నిన్ను సేవించువారింట నిల్లాలికిన్ కంటినీరే కదా..."

నేను మరిచిన సంగతి ఒకటుంది. మా భజనలో దండకమంటే దేవుడిదే. రాగం అందుకోగానే, ఎవరి మీదో ఏమిటో చూడకుండా, అలవాటుగా అందరి కళ్లూ మూతలు పడ్డాయి. 'మహాపాపినీ' దగ్గర ఎవరో లెంపలు వేసుకున్నారు. ముగియగానే భజనకు పెద్ద అయిన కిరాణా దుకాణం తాత కొబ్బరికాయ కొట్టి, ఇది నిందాస్తుతి అని, ప్రేమ లేనివాడికి ఇంత తిట్టు రాదని తేల్చేశాడు.

"కాదు తాతా, నేను నిజంగానే తిట్టినా," అన్నాను.

"తెలుసు నాయనా. నిజమైన భక్తుడు అట్లనే అంటాడు."

చిలుం పళ్లెంలోకి ఎక్కింది. నా మెడలో దండ పడింది. హారతి ఇచ్చిన కర్పూరంతోనే చిలుం ముట్టించారు. మామ కళ్లు తుడుచుకుంటూ నన్ను కౌగిలించుకున్నాడు.

"అల్లుడా, ఇన్నాళ్లు ఇది పాడు అలవాటనుకున్నా. భక్తి అని నువ్వు చెప్పిందాక తెలీలేదు."

మర్నాడు అత్త బండెక్కింది. స్టేషనుదాకా పెట్టె మోసింది నేనే. మెడలో దండ వాడిపోయినా తీయబుద్ధి కాలేదు.

అత్త లేని ఇంట్లో మామ ఉడికీ ఉడకని జొన్నసంగటి తిన్నాడు. మద్దెల తాళం తప్పింది. తిరునాళ్లకు పిలిచినా పోలేదు. చివరికి ఒకనాడు చిలుం తీసుకెళ్లి పలకల గుట్ట మీద పగలగొట్టి, సాక్షిగా నన్ను వెంటబెట్టుకొని గిద్దలూరు వెళ్లాడు. అత్త తలుపు సగమే తీసింది. మామ చెప్పిందంతా విని, నావైపు తిరిగింది.

"ఈయన చిలుం మానినాడు, సరే. నువ్వు పద్యాలు మానుతావా? మీ ఇద్దర్లో ఏ ఒక్కడు మళ్లా మొదలుపెట్టినా నేను బండెక్కేదే."

మామ నావైపు చూసిన చూపుకు రాయి కూడా కరిగేది. అత్త అరచేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. తలుపు రెండో రెక్క తెరుచుకుంది.

మామ బతికినన్నాళ్లూ మళ్లీ చిలుం ముట్టలేదు. నేనే, ఇంత వయసొచ్చినా, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకొని, తలుపు దగ్గరికి వేసి ఓ పద్యం లాగుతుంటాను. మానడమంటే ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. నాలో నేనే నవ్వుకొని, ఇదే ఆఖరుదని చెప్పుకొని, ఇంకొకటి మొదలుపెడతాను.