దుప్పటి ఫోటో

ఆ తెల్లవారుజామున నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ హాల్లో మా సేవా క్లబ్బు దుప్పట్ల మూటతో కూర్చున్నాను. ఎదుటి బెంచీ మీద ఒక మనిషి ముడుచుకుని పడుకుని, నిద్రలోనే వణుకుతున్నాడు.

“మూటలో ఏంటండీ?” అని పక్కనున్న పెద్దావిడ అడిగారు.

“దుప్పట్లండి. పేదలకి పంచడానికి.”

“అయితే అతనికొకటి కప్పండి.”

“ఇప్పుడు కాదండి. ప్రెసిడెంటు గారు రావాలి, బ్యానరు కట్టాలి, ఫోటో తీయాలి.”

“అందాకా చలి ఆగుతుందంటారా?”

సిగ్గేసి, మూట విప్పి కప్పాను. అయినా అలవాటు పోదు కదా! ఫోన్ తీసి, ఫోటో కోసం అతన్ని లేపబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఇప్పుడే కదండీ ఒళ్లు వెచ్చబడింది, లేపుతారేంటి? ఫోటోయే కావాలంటే నన్ను తీసుకోండి.”

ఇంకో దుప్పటి అందుకుని దీనంగా మొహం పెట్టారు. తీశాను. వెంటనే దుప్పటి మడతపెట్టి నాకిచ్చేసి, వచ్చిన రైలెక్కి వెళ్లిపోయారు.

ఫోటో క్లబ్బు గ్రూపులో పెట్టగానే ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు.

“ఎవరండీ ఈ పేదావిడ? చేతినిండా బంగారు గాజులున్నాయి!”

జరిగింది చెప్పాను.

“సరే, మిగతావి కూడా అక్కడ చలిలో పడుకున్నవాళ్లకి కప్పేసి రండి. ఆ ఫోటో మాత్రం తీసేయండి బాబూ!”

గ్రూపులోంచి తీసేశాను. నా ఫోన్లో ఉంచుకున్నాను.