మా తోడల్లుడి స్టాండు

మొన్న ఆదివారం పొద్దున చాయ్ తాగుతుంటే ఎవరో ఫోన్ చేశారు. పీర్జాదిగూడ నుంచట, పిట్టల ఫొటోలు కొత్తగా మొదలుపెట్టాడట. "సార్, ట్రైపాడు తీసుకుందామనుకుంటున్న. ఏది మంచిగుంటది, దాని మీద ఎంత బాల్ హెడ్ పెట్టాలె, గివన్నీ మీకు మస్తు తెలుసంట గదా. మీ షడ్డకుడే మిమ్మల్ని అడగమన్నడు" అన్నాడు. తోడల్లుడు నన్ను నలుగురిలో పొగుడుతున్నాడంటే ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం చాయ్ చేదెక్కింది. ట్రైపాడ్ల గురించి నాకు తెలిసిందల్లా అతని మీద కడుపుమంటతో నేర్చుకున్నదే. ఆ సంగతి ఫోన్‌లో ఆ కొత్తాయనకెలా చెప్పను?

అతను మా ఆవిడ చెల్లెలి మొగుడు. నేను పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీ స్టోర్సులో నా ఉద్యోగం, కంప్యూటర్ల కంపెనీలో అతనిది. ఉప్పల్లో అత్తగారింటికి ఇద్దరం కలిసి వెళ్తే కోడికూర ముందు నాకే వడ్డించేవారు కానీ, కబుర్లు మాత్రం అతనితోనే చెప్పేవారు. అక్కడిదాకా ఓర్చుకున్నాను. పిట్టల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది నేను. రామంతాపూర్ చెరువు గట్టున, దమ్మాయిగూడ అవతలి ఖాళీ ప్లాట్లలో ముళ్ళు గుచ్చుకుంటూ తిరిగింది నేను. నన్ను చూసి ఏడాది తిరక్కుండా అతనూ కెమెరా కొన్నాడు, నా లెన్సు కంటే మూరెడు పొడుగు లెన్సు కొన్నాడు, దానికింద నల్లటి కార్బన్ కాళ్ళ ట్రైపాడు కొన్నాడు. దాన్ని ఒంటిచేత్తో, గొడుగు తెచ్చినంత సులువుగా భుజాన వేసుకొచ్చేవాడు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే అబద్ధం కాదు.

నాది అప్పటికి పెళ్ళిళ్ళ వీడియోల వాళ్ళు వాడి పారేసే రకం రేకు స్టాండు. గాలి వీస్తే వణికేది, నేను దగ్గినా వణికేది. అతని దానికంటే పెద్దది కొనాలని పట్టుబట్టి కోఠీకి బయల్దేరాను. ఎవరు చెప్పారో, ఎలా పసిగట్టాడో, మెట్రో ఎక్కేలోపే అతని ఫోను. "అన్నా, ఎత్తు సూడకు. కాళ్ళు ఎట్లున్నా నడుస్తది, తల పెద్దది తీస్కో. లెన్సు బరువంతా దాని మీదనే పడ్తది" అన్నాడు. తల అంటే బాల్ హెడ్. గిన్నెలో కూర్చున్న ఇనుప గుండు, దాని మీద కెమెరా. పక్కన మర వదులు చేస్తే కెమెరా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, బిగిస్తే అక్కడే ఆగిపోవాలి. ఇంత మంచి సలహా ఇతను ఊరికే ఎందుకిస్తాడని నాకు అనుమానం. నన్ను పొట్టి స్టాండు కొనుక్కునేలా చేసి పక్కన నిలబడి నవ్వుకోవడానికేనని తేల్చుకున్నాను. దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకెల్లా ఎత్తయినది ఏరుకున్నాను. తల మాత్రం దానితోపాటు వచ్చిన చిన్న గుండునే ఉంచుకున్నాను. ఇంటికి తెచ్చి హాల్లో నిలబెడితే ఫ్యాను రెక్కలకు తగులుతుందేమోనని మా ఆవిడ భయపడింది. నాకు ఆ భయం ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను.

ఆ ఏడు దసరాకు మా మామ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. దసరా నాడు పాలపిట్టను చూడనిదే ఆయనకు పండగ కాదు. ఒకప్పుడు ఇంటి వెనక పొలంలోనే కనబడేదట. పొలం పోయి కాలనీ వచ్చాక పిట్ట కోసం ఊరవతలికి పోవలసి వచ్చింది, ఇప్పుడు ఆ పోవడమూ పోయింది. పొద్దున్నే మంచం మీద కూర్చుని మమ్మల్నిద్దరినీ పిలిచాడు. "గింత గింత పెద్ద కెమెరాలు పట్టుకొని తిరుగుతున్నరు గదా. ఇయ్యాల పాలపిట్టను పట్కరాన్రి. ఎవలు తెస్తే వాళ్ళ పటమే ఈ గోడకు" అని టీవీ పైన ఖాళీ జాగా చూపించాడు. ఆయన చూపించింది గోడ. నాకు కనబడింది సింహాసనం. ఇన్నేళ్ళూ కోడికూరతో సరిపెట్టుకున్నవాణ్ణి, ఈ ఒక్కటీ నాకే దక్కాలనుకున్నాను.

ఆయుధ పూజకు మామ స్కూటరు, అత్తమ్మ కుట్టుమిషను, మా రెండు స్టాండ్లు వరుసగా పెట్టారు. ఇనుముకు పొడి కుంకుమ అంటదని అత్తమ్మ నూనెలో కలిపి బొట్లు పెడుతుంది. అతని స్టాండు దగ్గరికి రాగానే, "అత్తమ్మా, గుండుకు వద్దు, కాళ్ళకు పెట్టున్రి" అన్నాడు. దేవుడి బొట్టు దగ్గర కూడా వీడికి తెలివి ప్రదర్శించాలా అని నాకు ఒళ్ళు మండింది. "నా దానికి తల మీదనే పెట్టు అత్తమ్మా, జర ఎక్కువనే పెట్టు" అన్నాను. పెద్దల్లుడి మాట ఆమె ఎన్నడు కాదంది? గుండుకు గంధం పూసినట్టు ఒత్తుగా పట్టించింది. అతను నోరు తెరిచి ఏదో అనబోయాడు. నేను చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాడు.

సాయంత్రం దమ్మాయిగూడ దాటి, అమ్ముడుపోని ప్లాట్ల మధ్య నిలబడ్డాం. ఎండ పచ్చబడుతుండగా కరెంటు తీగ మీదికి వచ్చి వాలింది పాలపిట్ట. నేను గురి చూసి మర బిగించి చెయ్యి తీశాను. నా లెన్సు మెల్లగా, పెద్దల ముందు వినయంగా తలవంచినట్టు, నేలచూపులు చూసింది. మళ్ళీ ఎత్తాను, ఇంకా గట్టిగా బిగించాను. మళ్ళీ వంగింది. పొద్దున పెట్టిన బొట్టు నూనె గిన్నెలోకి దిగి గుండు జారిపోతోంది. చేత్తో పట్టుకుంటే వేళ్ళ వణుకంతా ఫొటోలోకి వస్తోంది. పక్కన అతని కెమెరా రాయిలా నిలబడి ఉంది. అతని వేలు మీట మీద ఉంది. గోడ పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన పిట్ట ఎగిరిపోతే బాగుండునని మొక్కుకున్నాను.

అతను నా వైపు ఒకసారి చూశాడు. తన కెమెరా స్టాండు మీంచి ఊడదీసి మెడకు తగిలించుకున్నాడు. "అన్నా, నా దాని మీద పెట్టు. జల్ది" అన్నాడు. సిగ్గుపడే తీరిక లేదు, పెట్టాను. గుండు కదల్లేదు. పిట్ట రెక్కలు విప్పి ఎగిరింది, ఆ నీలమంతా నా కెమెరాలోకి వచ్చింది. అంత పొడుగు లెన్సు చేతిలో పట్టుకుని అతను తీయగలిగింది ఉత్త తీగ.

జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కి మామకు కెమెరా తెర చూపించాను. ఆయన దానికి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "మా పెద్దల్లుడు సూపెట్టిండు" అని వీధిలోవాళ్ళను పిలిచి చెప్పాడు. స్టాండు తనదేనని అతను ఇప్పుడంటాడు, ఇంకాసేపటికి అంటాడు అని ఎదురుచూస్తూ, అంటే ఏం జవాబివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అనలేదు. పటం కట్టించి గోడకెక్కిస్తున్నప్పుడు కుర్చీ కదలకుండా పట్టుకున్నది కూడా అతనే.

నిరుడు ఆ పటం కింద కూర్చుని ఉండగా నేనే ఉండబట్టలేక, "తమ్మీ, ఆ దినం నీ స్టాండు లేకుంటే..." అని మొదలుపెట్టాను. "ఏ దినం అన్నా? నా స్టాండా? నాకు యాదికి లేదే" అని నవ్వి, పకోడీల పళ్ళెం నా వైపు జరిపాడు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. వయసు మీదపడితే ఓర్వలేనితనం తగ్గుతుందంటారు. నాకైతే, అతని లెన్సు మీద, స్టాండు మీద ఉన్న కడుపుమంటంతా వచ్చి ఆ మరుపు మీద పడింది. అతనికి ఆ దసరా ఆ సాయంత్రంతోనే అయిపోయింది. నాకు ఇన్నేళ్ళయినా ఇంకా అవుతూనే ఉంది.