చేట పక్కన పెట్టమన్నాను

ఈ రోజు ఫీల్డ్‌వర్క్ కోసం, బీడీ కార్మికుల కాలనీ అయిన మా విడీ ఘర్కుల్‌లో లక్ష్మత్త ఇంటికి వెళ్ళాను. నేను కౌన్సెలింగ్‌లో ఎం.ఏ. చేస్తున్నాను. ఈ బస్తీ పిల్లనని, ఇక్కడి మనుషులు నాకు తెలుసని స్కాలర్‌షిప్ ఇచ్చి చదివిస్తున్నారు.

పవర్‌లూమ్ కార్ఖానా మూతపడినప్పటి నుంచి అత్త భర్త ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. అత్త చేట ఒళ్ళో పెట్టుకుని, బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"మొన్న మీ మామ నాతోని ఏమన్నడంటే..."

సరిగ్గా అప్పుడే క్లాసులో మాకు నేర్పించినట్టు నేను ఎదురుగా జరిగి, "అత్తా, జర ఆ చేట పక్కకు పెట్టి నా దిక్కు చూసి చెప్పు" అన్నాను.

పెట్టింది. ఖాళీ చేతులతో కొంగు నలుపుతూ కూర్చుంది.

"ఏందే బిడ్డా, పోలీసోళ్ళ లెక్క కూసున్నవ్? ఉత్త చేతులతోని నాకు మాట రాదు."

మళ్ళీ చేట అందించాను. "ఇగ ఉండనీ" అంది. మామ ఏమన్నాడో తెలియకుండానే వచ్చేశాను.

మా అమ్మ కూడా ఏ కష్టమైనా బీడీ ఆకు చుడుతూనే చెప్పేది. అది మరిచిపోయేంత చదువుకున్నాను.

రిపోర్టులో "ఆమె సహకరించలేదు" అన్న గడిలో టిక్కు పెట్టాలట. చేయి రావడం లేదు. మీలో ఎవరైనా మీ అమ్మ బాధను ఆమె పని ఆపించి విన్నారా?