ఆరు దేశాల పిల్లులు

ఉద్యోగం దొరికిన కొత్తలో లోకాన్ని బాగుచేద్దామన్న జబ్బు ప్రతివాడికీ కొన్నాళ్లు ఉంటుంది. నాకు తొమ్మిది నెలలుంది. అప్పట్లో నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. "యాన్యువల్ డే బాగా చేయించు, నిన్ను పర్మనెంట్ చేస్తా" అన్నారు మా కరస్పాండెంటు గారు. చేయకపోతే మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలని నాన్న ఎప్పుడో తీర్మానించేశారు. నా ప్రాణమంతా ఆ 'పర్మనెంట్' మీదే వేలాడుతోంది.

అందరిలా సినిమా పాటకు గంతులేయిస్తే నా గొప్పేముంది? ఫోన్లో వెతికి, ఏ దేశం వాళ్లకు పిల్లి అరుపు ఎలా వినిపిస్తుందో పట్టుకున్నాను. జపాను వాళ్లకు న్యా, కొరియా వాళ్లకు యావోంగ్, ఇండోనేషియా వాళ్లకు మెయోంగ్, ఇంగ్లీషులో మియావ్, హిందీలో మ్యావూఁ, మనకు మ్యావ్. (అడిగేది పాలే అయినా ఎవరి చెవి వాళ్లది.) ఆరుగురు పిల్లల్ని పిల్లుల్ని చేసి, కాటుకతో మీసాలు దిద్ది, తోకలు కట్టాను. కొరియా పిల్లి అమ్మమ్మ స్కూలుకొచ్చి మరీ నిలదీసింది. "ఏందయ్యా మేష్టారూ, మా ఇంట్లో పిల్లి మ్యావ్ అంటది. మా పిల్ల రెండ్రోజుల్నించి యావోంగ్ యావోంగ్ అంటంటే గాలి సోకిందేమోనని దిష్టి తీశాను!"

ముఖ్య అతిథి మిర్చి వ్యాపారి, ఊరందరికీ గోడౌన్ బాబాయి. ఆయనకు పూలగుత్తి ఇవ్వడం పాత పద్ధతి అనిపించింది నాకు. కారు కనపడగానే గేటు దగ్గర ఈ పక్కనుంచి ఆ పక్కకు పిల్లులు వరసగా అరుస్తూ పరుగెత్తాలని పదకొండుసార్లు రిహార్సలు చేయించాను. పల్నాడులో పుట్టి పెరిగిన బుర్రకు పదకొండుసార్లలో ఒక్కసారీ ఏమీ తట్టలేదు.

కారాగింది. బాబాయి కాలు కింద పెట్టబోయి, ఆరు పిల్లుల్నీ చూసి, కాలు లోపలికి తీసుకున్నారు. "ఒరేయ్, పిల్లి ఎదురొచ్చింది. బండి తిప్పు!"

"అయ్యా, చిన్నపిల్లలండీ" అన్నాడు డ్రైవరు.

"తోకలు కనపడటంలా? తిప్పమంటంటే!"

రెండు వీధుల అవతల చెల్లెలింట్లో కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరారట. ఆ కాసేపూ నేను జపానులో పిల్లి శుభమని కరస్పాండెంటు గారికి విన్నవించుకుంటున్నాను. పిల్లలకు ఆగమని చెప్పిన నాథుడు లేడు. కారు కనపడింది. నేర్పినది నేర్పినట్టే, ఆరూ పరుగెత్తాయి. మొదటిసారి అరవడం మరిచిపోయిన తెలుగు పిల్లి ఈసారి అందరికంటే గట్టిగా అరిచింది.

మూడోసారి కారు రాలేదు.

"ఒక్క పిల్లొస్తేనే మనోళ్లు ఆగిపోతారు. నువ్వు ఆరు దేశాలవి తెచ్చావు గదయ్యా!" అన్నారు కరస్పాండెంటు గారు, చేతిలో వాడిపోతున్న దండతో. "రేపట్నించి రామాక."

స్టేజీ మెట్లమీద కూలబడ్డాను. కొరియా పిల్లి తోక ఈడ్చుకుంటూ వచ్చింది.

"సార్, నేను బాగా అరిచానా?"

"చానా బాగా అరిచావు తల్లీ."

"మరి ఆ తాతెందుకు ఎల్లిపోయాడు?"

"తెలీదమ్మా" అన్నాను. ఒక పిల్ల అడిగినదానికి ఆ మాట చెప్పడం తొమ్మిది నెలల్లో అదే మొదలు. ఇప్పుడైతే ఎవరేమడిగినా ముందు ఆ మాటే అంటాను. పాపం, అప్పటి ఆ కుర్ర మేష్టారికి మాత్రం ఆ ఒక్క మాటకు నోరు తిరగడానికి ఉద్యోగం పోవాల్సొచ్చింది.