తాళం తీయించే బాబాయ్

మా జైలు వ్యాను డ్రైవర్ బాబాయికి ఒకటే పిచ్చి. బండి కదిలేముందు ఖైదీలు కూర్చునే బోనులోకి తనే దూరి, బయట తాళం వేయించుకుని, "మంటలు, మంటలు" అని గావుకేకలు పెట్టేవాడు. ఎస్కార్టు కానిస్టేబుల్ని కాబట్టి తాళం తియ్యాల్సింది నేను.

"ఇంత నిదానమైతే ఎట్లాగయ్యా? ఈపాటికి నేను బొగ్గయ్యేవాణ్ణి. మళ్లీ వెయ్యి."

"కోర్టుకి టైమవుతోంది బాబాయ్."

"కాలిపోయినవాణ్ణి ఏ కోర్టూ పిలవదు. వెయ్యి తాళం."

తర్వాత ఖైదీల వంతు. గబగబా దిగాలి, గోడవారగా నిలబడాలి, పక్కవాడు దిగాడో లేదో చూసుకోవాలి. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఇంట్లో పిన్ని పొయ్యి వెలిగిస్తే వెనకాలే బకెట్టు నీళ్లతో కాపలా. "ఈయన్ని కట్టుకున్నాక అన్నం మాడ్చుకునే భాగ్యం కూడా లేదు" అనేది పిన్ని.

కొత్తగా వచ్చిన కుర్ర అధికారికి ఒళ్లు మండింది. తాళంచెవి ఇకమీదట వెనకొచ్చే జీపులో, తన దగ్గరే ఉండాలన్నారు.

"తాళం ఇక్కడ, చెవి అక్కడానా? అయితే నేను బండి తియ్యను సార్."

"ఈ ఒక్క ట్రిప్పూ నీ పద్ధతిలోనే తోలు. రేపట్నుంచి నీకు బండి లేదు."

బాబాయ్ మొహం చిన్నబోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ ట్రిప్పులోనే, జీపు రైలుగేటు దగ్గర చిక్కుకుపోయాక, ఇంజను కిందనుంచి నిజంగానే పొగ లేచింది. బండి ఆగీ ఆగకముందే దూకాను. నా బుర్ర పనిచెయ్యలేదు గానీ చేతులు తాళం తీసేశాయి. ఖైదీలు దిగి, రోడ్డువారగా వరసకట్టారు.

"మా కుంటికాలు పెద్దాయన దిగలేదు" అన్నాడు వరసలో ఒక ఖైదీ. బాబాయ్ లోపలికి దూరాడు.

అప్పుడే జీపు వచ్చింది. "ఎంతమంది పారిపోయారు?" అన్నారు అధికారి, చెమటలు కక్కుతూ.

"బాబాయ్ ఇంకా లోపలున్నాడు సార్. ఆయన్నొదిలి ఎక్కడికి పోతాం?" అన్నాడు మట్టి ఎత్తి మంటల మీద పోస్తున్న దొంగ.

ఆ పెద్దాయన్ని వీపున వేసుకుని, దగ్గుతూ బయటికొచ్చాడు బాబాయ్. అధికారి జీపు దిగొచ్చి ఆయన్ని ఎగాదిగా చూశారు.

"అట్లా చూస్తారేం సార్? జడ్జిగారు వీళ్లని జైల్లో పెట్టమన్నారు, కాల్చమని చెప్పలేదుగా" అన్నాడు బాబాయ్.

వేరే వ్యాను వచ్చింది. ఖైదీలు ఒక్కరూ కదల్లేదు. బాబాయ్ తోలితేనే ఎక్కుతామన్నారు. మా అధికారి డ్రైవర్ వైపు తలుపు తనే తీసి పట్టుకున్నారు.

"ఎక్కండి బాబాయ్" అన్నారు.