సంత మధ్యలో ఆరు గదులు

మా పక్కింటి నర్సక్క మొన్న మంగళవారం తెల్లవారుతుండగా గుండెపోటుతో పోయింది. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది.

మా మండల కేంద్రం ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసిందామె. తనది కొండ మీది ఊరు. ఎవరికి మాత్ర ఇచ్చినా, ఎదురుగా గ్లాసుడు నీళ్లు తాగిస్తేగాని వదిలేది కాదు. సంత రోజున మాత్రం ఆమె మాట సాగేది కాదు. పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని కొండ దిగే ఆడవాళ్లు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. మూత్రంలో మంటని వచ్చిన ఒకామె గ్లాసు వెనక్కి తోసి, "తాగితే ఎక్కడికెల్లమంతావు నర్సమ్మా?" అంది.

రిటైరయ్యాక ఆ ప్రశ్నకి జవాబు కోసమే సర్పంచిగా నిలబడింది. సంతలో ఆగే జీపులు అవతలి పక్కకి మార్చాలి, కూర్చునే చోట రేకుల నీడ వేయాలి, బస్టాపు వెనక నీళ్ల కుళాయితో ఆరు మరుగుదొడ్లు కట్టాలి అంది. ఏ పనైనా కాగితం మీద గీసుకుని చేసే అలవాటు నాది కాబట్టి నన్ను పిలిచింది. సంత ఖాళీ అయ్యాక కుట్టు టేపుతో ఇద్దరం ఆ జాగా కొలిచాం.

ప్రచారమంతా సంతలోనే చేసింది. నేను ఓటర్ల జాబితా పేరుపేరునా చూశాను. ఆ ఆడవాళ్లలో ఒక్కరికీ ఇక్కడ ఓటు లేదు. వాళ్ల పంచాయతీలు వేరు. ఆ సంగతి చెబితే నవ్వింది.

"ఓటు లేదని ఒంటికి రాకుండా ఉంటాదేటి సెల్లీ?"

ఊళ్లో ఆమెను దొడ్ల సర్పంచమ్మ అన్నారు. టీకొట్టు దగ్గర ఆ మాట అన్నవాడితో, "మీ ఆవిడ్ని ఒక్క సంతరోజు పొద్దుగూకేదాకా ఇక్కడ కూకోబెట్టు. ఆనక నవ్వుదువుగాని," అని తన దారిన పోయింది.

ఓడిపోయింది. నా ఓటు కూడా ఆమెకి పడలేదు. ఎలాగూ గెలవదు, అవతలివాళ్లు మా వీధికి సిమెంటు రోడ్డు వేస్తామన్నారు కదా అని లెక్క వేసుకున్నాను. రోడ్డు వేశారు. ఓటు ఎవరికి వేశావని ఆమె ఏనాడూ అడగలేదు. వానాకాలంలో, "బురద లేదు సెల్లీ, నడక బాగుంది," అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మేం కొలిచిన జాగాలో ఊరి పేరు నిలువెత్తు రంగు అక్షరాల్లో నిలబెట్టారు. టూరిస్టులు వాటి ముందు ఫొటోలు దిగుతారు.

నవ్వినవాళ్లే ఇప్పుడు ఆ అక్షరాల పక్కన, బస్టాపు వెనక గోడకి ఎదురుగా రెండు వెదుళ్లు పాతి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. 'ప్రజాసేవకే అంకితమైన తల్లి' అని రాయించారు. నిన్న సంతలో ఒక ముసలామె ఆ ఫొటోని గుర్తుపట్టి, దాని కింద పసుపుకొమ్ము పెట్టింది. మధ్యాహ్నానికి ఒకామె అటూ ఇటూ చూసి ఫ్లెక్సీ వెనక్కి వెళ్లింది. ఆమె వచ్చాక ఇంకొకామె వెళ్లింది. గాలికి అంచు లేచిపోతోంది. నేను కూరల సంచీ కింద పెట్టి, వెళ్లి ఆ అంచు పట్టుకుని నిలబడ్డాను.